తీగ మీది వేగము

నల్లకుంటలో శంకర మఠము దాటి లోపలి వీధులలోనికి పోయినచో, పాత ఇండ్ల గోడలకు బిగించిన చిన్న టెలిఫోను పెట్టెలు ఇప్పటికిని అక్కడక్కడ కనిపించును. టెలిఫోను పనివారు వానిని 'డి.పి.' అందురు. మూతలు ఊడి, రాగి తీగలకు చిలుము పట్టి, లోపల సాలీడు గూడు కట్టి ఉండును. వానిని చూచినప్పుడెల్ల మాకొక పాత లెక్క జ్ఞాపకమునకు వచ్చును. సుమారు ఇరువదియైదు సంవత్సరముల క్రిందట ఆ తీగల మీద మాకు మోడెము ద్వారా దొరకిన వేగము, కాగితము మీద, సెకనుకు 56 కిలోబిట్లు. ఆ రోజులలోనే, ఇదే నగరములో, విదేశములకు సాఫ్ట్‌వేరు ఎగుమతి చేయు కంపెనీలు తీసికొన్న ప్రత్యేక డిజిటల్ లైను వేగము సెకనుకు 64 కిలోబిట్లు. రెంటికిని నడుమ తేడా ఎనిమిది. మేము చెల్లించినది నెలకు కొన్ని వందల రూపాయలు. వారు చెల్లించినది సంవత్సరమునకు లక్షలు.

ఎనిమిది కిలోబిట్ల కొరకు లక్షలు పోయువారిని చూచి, అప్పుడు విశ్వవిద్యాలయములో చదువుకొనుచున్న మా వంటివారము నవ్వుకొన్న మాట నిజము. ఆ నవ్వు ఎంత తొందరపాటో తెలియుటకు మాకు కొంతకాలము పట్టినది. ఆ ఎనిమిది కిలోబిట్ల కథయే ఈనాటి ప్రసంగము.

ప్రత్యేకమైన లైను అనునది రేడియోలో పనిచేయువారికి క్రొత్త వస్తువు కాదు. ఇంటింటికి కంప్యూటరు రాకమునుపే వార్తా విభాగములలో టెలిప్రింటరు అను యంత్రముండెడిది. వార్తా సంస్థ నుండి దాని వరకు ఒక తీగను అద్దెకు తీసికొని ఉంచెడివారు. దాని వేగమును ఈనాటి పిల్లలకు చెప్పినచో నమ్మరు. సెకనుకు 50 సంకేతములు, అనగా నిమిషమునకు సుమారు 66 ఇంగ్లీషు మాటలు. చేయి తిరిగిన టైపిస్టు అంతకంటె వేగముగా కొట్టగలడు. అయినను ఏ అర్ధరాత్రి ఏ వార్త వచ్చినను, ఎవరును ఎవరికిని ఫోను చేయనక్కరలేకుండ, ఆ యంత్రము టకటక మని కదలెడిది. తీగ ఎల్లప్పుడును తెరచియే ఉండెను గనుక అది సాధ్యమైనది. అట్లే మైదానము నుండి క్రికెట్ వ్యాఖ్యానమునైనను, సభా భవనము నుండి కచేరీనైనను ప్రత్యక్షముగా ప్రసారము చేయవలెనన్న, టెలిఫోను శాఖ వారి నుండి ఒక లైను అద్దెకు తీసికొనుట రేడియోవారి పరిపాటి. గాయకుడు ఆలాపన ఎత్తుకొన్న తరువాత 'లైను ఖాళీ లేదు' అను మాట వినుటకు ఎవరును సిద్ధముగా ఉండరు గదా! వేగము కంటె ముందు సిద్ధముగా ఉండుట అవసరము. ఈ సంగతి రేడియోలో చేరిన తరువాతనే మాకు బోధపడినది.

ఇక 64 అను అంకె ఎక్కడనుండి వచ్చినదో చూతము. ఇది కంప్యూటర్ల కొరకు పుట్టిన అంకె కాదు, మనుష్యుని మాట కొరకు పుట్టినది. టెలిఫోనులో మన గొంతు పూర్తిగా పోదు. సెకనుకు 300 కంపనముల నుండి 3,400 కంపనముల వరకు గల భాగమును మాత్రమే పోనిచ్చి, తక్కినదానిని కత్తిరించెదరు. అందుచేతనే ఫోనులో పాట విన్నచో డబ్బాలోనుండి వచ్చినట్లుండును. మాట మాత్రము తెలియును. 1937 లో పారిస్ నగరములో పనిచేయుచున్న అలెక్ రీవ్స్ అను ఆంగ్లేయ ఇంజనీరు, ఈ గొంతును తరంగముగా గాక అంకెలుగా పంపవచ్చునని ఊహించెను. గొంతు ఎత్తుపల్లములను సెకనుకు 8,000 సార్లు కొలిచి, ప్రతి కొలతను ఎనిమిది బిట్ల అంకెగా వ్రాసినచో, సెకనుకు 64,000 బిట్లగును. మన 64 కిలోబిట్లు ఇవియే. రీవ్స్ ఊహకు తగిన పరికరములు ఆ కాలమున లేవు. ట్రాన్సిస్టరు వచ్చిన తరువాత, 1962 లో, అమెరికాలోని బెల్ సంస్థ వారు ఈ పద్ధతిన ఒకేసారి 24 సంభాషణలను నడుపు లైనును వాడుకలోనికి తెచ్చిరి. యూరపు వారు 32 గదుల లైనును నిర్ణయించుకొనిరి. అందులో 30 గదులు మాటకు, రెండు ఏర్పాట్లకు. మొత్తము సెకనుకు 2,048 కిలోబిట్లు. మన దేశము అనుసరించినది ఈ రెండవ పద్ధతిని. మన ఆఫీసులలో 'రెండు మెగాబిట్ల లైను' అను మాట వాడుకైనది దీనివలననే.

కాబట్టి 64 కిలోబిట్ల ప్రత్యేక లైను అనగా, టెలిఫోను వ్యవస్థలో ఒక మనిషి మాటాడుటకు కట్టిన గదిని, గోడలతో సహా, రాత్రింబగళ్ళు ఒక్కరికే అద్దెకిచ్చుట.

మోడెము పని ఇందుకు తలక్రిందులు. కంప్యూటరు అంకెలను ధ్వనిగా మార్చి, మనిషి గొంతు పోవు సందులోనుండి దూర్చి, అవతల తిరిగి అంకెలుగా మార్చు యంత్రమది. 1960 ల తొలి సంవత్సరములలో వచ్చిన మోడెములు సెకనుకు 300 బిట్లు పంపెడివి. పిమ్మట 1,200, 1984 నాటికి 9,600, 1991 లో 14,400, 1994 లో 28,800, 1996 లో 33,600. ఈ మెట్లు ఎక్కుచుండగా, దీనికొక కప్పు కలదని పండితులు ముందే చెప్పిరి. 1948 లో క్లాడ్ షానన్ అను గణిత శాస్త్రజ్ఞుడు ఒక సూత్రము కనుగొనెను. దాని ప్రకారము, తీగ వెడల్పు ఎంతయో, అందులో అసలు ధ్వనికిని రొదకును గల నిష్పత్తి ఎంతయో తెలిసినచో, దానిమీద పోగల గరిష్ఠ వేగమును లెక్కకట్టవచ్చును. మంచి టెలిఫోను లైనుకు ఆ లెక్క 35, 36 కిలోబిట్ల ప్రాంతమున తేలును. 33.6 తో మోడెము తల కప్పుకు తగిలినది.

మోడెము పలికెడి పలుకు ఒకటి ఆ కాలమున ఉండెడిది. ముందు డయల్ టోను. పిమ్మట అంకెలు. అవతల ఎత్తగానే 2,100 కంపనముల సన్నని కూత. ఆ కూతకు ఒక ప్రయోజనము కలదు: దారిలోని ప్రతిధ్వనిని అణచు యంత్రములను 'మీరు కొంచెము ఊరకుండుడు' అని ఆజ్ఞాపించుట. తరువాత కీచుమని రెండు మూడు పలకరింపులు, చివరకు వాన హోరు. ఇంటిలోని పెద్దలకది రోత. మాకు మాత్రము ఆ హోరు మీద ప్రీతి. ధ్వని విద్య కొంత నేర్చిన తరువాత తెలిసినది: సందు అంతటిని సమముగా నింపుటవలననే అది హోరుగా వినిపించును. ఒక స్వరము స్పష్టముగా వినిపించినచో అక్కడ వేరొకచోట ఖాళీ మిగిలినదని అర్థము.

మరి కప్పు 36 దగ్గర ఉండగా 56 ఎట్లు వచ్చినది? ఇక్కడనే అసలు చమత్కారమున్నది. 1990 లలో టెలిఫోను ఎక్స్‌ఛేంజీలు క్రమముగా డిజిటల్ పద్ధతికి మారినవి. మన ఇంటి నుండి ఎక్స్‌ఛేంజి వరకు మాత్రమే పాత రాగి తీగ. అక్కడనుండి అంతయు 64 కిలోబిట్ల అంకెల గదులే. ఇంటర్నెట్ ఇచ్చువారు తమ వైపున మోడెములను ఇంటి ఫోను తీగలకు గాక, నేరుగా ఆ రెండు మెగాబిట్ల డిజిటల్ లైనుకే తగిలించిరి. అప్పుడు వారి నుండి మన వైపు వచ్చు అంకెలు చివరి ఒకటి రెండు మైళ్ళు తప్ప ఎక్కడను ధ్వనిగా మారవు. ఎనిమిది బిట్లతో 256 మెట్లు. అందులో మరీ దగ్గర దగ్గరగా ఉన్న చిన్న మెట్లను ఇంటి తీగ చివర వేరుగా గుర్తింపజాలము. సగము వదలివేసినచో 128 మెట్లు, అనగా ఏడు బిట్లు. ఏడింటిని 8,000 తో హెచ్చించినచో 56,000. ఈ పద్ధతికి 1998 లో అంతర్జాతీయ ప్రమాణము ఏర్పడినది.

మన నుండి వారి వైపు పోవునది మాత్రము మునుపటివలె 33.6 దగ్గరనే ఆగిపోయినది. మన ధ్వనిని కొలిచి అంకెగా మార్చు పని ఎక్స్‌ఛేంజిలో జరుగును. ఆ కొలతలో కలుగు చిన్న పొరపాట్లే రొద. దానిని తప్పించుట మన చేతిలో లేదు.

దీనినిబట్టి ఒక సంగతి తేలినది. మేము ప్రత్యేక లైనును చూచి నవ్విన ఆ 56 కిలోబిట్లు, అవతలి ప్రక్క ఎవరో డబ్బు పెట్టి తీసికొన్న ప్రత్యేక డిజిటల్ లైను ఉండుటచేతనే మాకు లభించినవి. డయల్ అప్ దానికి పోటీ కాదు, దాని తోక.

ఇక మన దేశము మాట. 1986 లో ప్రారంభమైన ఎర్నెట్ పథకము క్రింద విద్యాసంస్థలు కంప్యూటర్ల ద్వారా మాటాడుకొన నారంభించినవి. 1989 ప్రాంతమున బొంబాయిలోని జాతీయ సాఫ్ట్‌వేరు సాంకేతిక కేంద్రము నుండి అమెరికాకు ఏర్పడిన ప్రత్యేక లైను వేగము సెకనుకు 9.6 కిలోబిట్లు. దేశములోని మహా విద్యాసంస్థల పండితుల ఉత్తరములన్నియు ఆ సందులోనుండియే సముద్రము దాటినవి. 1992 లో అది 64 కిలోబిట్లకు పెరిగినది. అనగా, దశాబ్దము చివర నల్లకుంటలో ఒక విద్యార్థి గదిలో ఉన్న మోడెము, పెట్టె మీది అంకెను నమ్మినచో, పదేండ్ల క్రిందటి మన విద్యావ్యవస్థ అంతర్జాతీయ ద్వారము కంటె దాదాపు ఆరు రెట్లు వేగమైనది.

1995 ఆగస్టు 15 న విదేశ్ సంచార్ నిగమ్ వారు సామాన్యులకు ఇంటర్నెట్ ఇచ్చుటకు ఆరంభించిరి. మొదట బొంబాయి, ఢిల్లీ, కలకత్తా, మద్రాసు వంటి నగరములకు దక్కినది. హైదరాబాదునకు పిమ్మట వచ్చినది. వ్యక్తులకు రుసుము 5,000 రూపాయలు, వేగము 9.6 కిలోబిట్లు. విద్యార్థులకు తక్కువ రుసుముతో ఒక ఖాతా ఇచ్చెడివారు; అందులో బొమ్మలు కానరావు, అక్షరములు మాత్రమే.

ప్రత్యేక లైన్ల చరిత్ర దీనికి కొంచెము ముందే మొదలైనది. 1991 లో సాఫ్ట్‌వేర్ టెక్నాలజీ పార్క్స్ ఆఫ్ ఇండియా అను ప్రభుత్వ సంస్థ ఏర్పడినది. ఆ కాలమున హైదరాబాదులో అమీరుపేట మైత్రీవనము దాని చిరునామాగా ఉండెడిది. అమెరికాలోని కొనుగోలుదారు కంప్యూటరు మీద ఇక్కడి ఇంజనీరు పనిచేయవలెనన్న ఉపగ్రహము ద్వారా లైను కావలెను. అది ఒక్కొక్క కంపెనీ పెట్టుకొనుటకు శక్యము కాదు. ఆ సంస్థ భూకేంద్రము పెట్టి, 64 కిలోబిట్ల చొప్పున పంచి ఇచ్చెను. మాబోటి వారికి నచ్చిన విశేష మొకటి ఇందులో కలదు. భూకేంద్రము నుండి కంపెనీ మేడ వరకు వారు భూమిలోని కేబులును నమ్ముకొనలేదు. మేడ మీద స్తంభము నాటి, మైక్రోవేవ్ రేడియో ద్వారా పంపిరి. త్రవ్వకములు, వానలు, చెడిన జాయింట్లు గల నగరములో రేడియో తరంగమే నమ్మదగిన తీగ అని వారు గ్రహించిరి. 1998 నవంబరులో మాదాపురమున సైబర్ టవర్స్ ప్రారంభమగు నాటికి, ఈ నగరము లైన్ల బేరములో ఆరితేరినది.

ప్రత్యేక లైను కంపెనీల సొత్తు మాత్రమే అనుకొనరాదు. సామాన్యులకు దాని ముఖము తెలిసినది రైల్వే రిజర్వేషను కిటికీ దగ్గర. దేశములోని వేరువేరు రిజర్వేషను కేంద్రములను కలుపుటకు 'కన్సర్ట్' అను పద్ధతి 1994 లో మొట్టమొదట సికిందరాబాదులోనే అమలులోనికి వచ్చినది. 1999 ఏప్రిల్ నాటికి దేశమంతటి కేంద్రములును ఒక వలగా కలిసినవి. ఒక టికెట్టు సమాచారము ఎంత? కొన్ని వందల అక్షరములు. దానికి గొప్ప వేగము అక్కరలేదు. కాని కిటికీ ముందు నూరుమంది నిలుచుండగా, ప్రతి టికెట్టునకు ఫోను త్రిప్పి, కూత విని, అరనిమిషము వేచియుండుట యెట్లు? అక్కడ కావలసినది ఎల్లప్పుడును తెరచియున్న ద్వారము. వేగమునకు రెండు ముఖములు కలవు. ఎంత ధార వచ్చుచున్నది అనునది ఒకటి. అడిగిన క్షణమున వచ్చుచున్నదా అనునది రెండవది. మేము మొదటిదానినే వేగమనుకొంటిమి.

మొదటిదానిలోనైనను మా అంకె నిలిచెడిది కాదు. నల్లకుంట పేరులోనే కుంట ఉన్నది. హుస్సేన్ సాగరము నుండి పొంగిన నీరు పోవు నాలా అశోక్‌నగర్, బాగ్ లింగంపల్లి, నల్లకుంట ప్రక్కలనుండి సాగి మూసీలో కలియును. 2000 ఆగస్టులో ఒక దినమున దాదాపు 24 సెంటీమీటర్ల వాన కురిసి, ఆ నాలా ప్రక్క బస్తీలను ముంచినది అనేకులకు జ్ఞాపకముండును. అంత వాన రానక్కరలేదు. ఒక మోస్తరు జల్లు పడిన మరునాడే భూమిలోని కేబులు జాయింటులో తేమ చేరి, ఫోనులో గరగర మొదలగును. మాటాడుకొనువారు 'ఏమంటివి?' అని రెండుసార్లు అడిగి సరిపెట్టుకొందురు. మోడెము కూడ అట్లే అడుగును. అడిగి అడిగి తన వేగమును తానే తగ్గించుకొనును. తెర మూలన 56 అని ఎన్నడును చూడలేదు. మంచి ఎండకాలపు రాత్రి 44 వచ్చినచో మిత్రులకు చెప్పుకొనెడివారము. వానాకాలమున 24, 26.

ఇంకొక భ్రమ కూడ ఉండెడిది. కిలోబిట్టు వేరు, కిలోబైటు వేరు. ఎనిమిది బిట్లు ఒక బైటు. 56 అని కొనుక్కొని, తెరమీద 'సెకనుకు 4 కిలోబైట్లు' అని కనిపించగానే దుకాణదారుని మీదికి పోయినవారిని మేమెరుగుదుము.

లెక్క చెప్పుకొందము. నాలుగు మెగాబైట్ల పాట ఒకటి దించవలెననుకొనుడు. 9.6 కిలోబిట్ల మీద సుమారు 58 నిమిషములు. మా 40 మీద 14 నిమిషములు. 64 కిలోబిట్ల ప్రత్యేక లైను మీద తొమ్మిది నిమిషములకు కొంచెము తక్కువ. రెండు మెగాబిట్ల లైను మీద 16 సెకన్లు. ఇదంతయు దారిలో ఎవరును అడ్డము రానప్పుడు. ఇంటర్నెట్ ఇచ్చు సంస్థకు విదేశమునకు గల లైను రెండు మెగాబిట్లే అయి, ఒకే వేళకు రెండు వందల మంది చేరినచో, తలకు పది కిలోబిట్లు. ఇంటి మోడెము 56 దయినను 156 దయినను అప్పుడొక్కటే. ప్రత్యేక లైనువాడు ఇచ్చిన లక్షలలో పెద్ద భాగము, ఈ పంపకమున తన వంతు ఎవరికిని పోకుండ కాపాడుకొనుటకు ఇచ్చినది. పైగా అది రెండు వైపులను 64. పని చేసి పంపువానికి, తెచ్చుకొను దారి కంటె పంపు దారియే ముఖ్యము గదా.

ఇట్లు ఎనిమిది కిలోబిట్లలో లక్షలు ఎక్కడ దాగినవో తెలిసినది. కాని మాకది పుస్తకములు చదివి తెలిసినది కాదు.

మేమున్న ఇంటిలో నాలుగు వాటాలు. ఫోను ఒక్కటే, మాది. సంవత్సరముల తరబడి వేచిన తరువాత మా నాయనగారి పేర వచ్చినది. ఆ కాలమున చీటీల మీద, పెండ్లి పత్రికల మీద నంబరు ప్రక్కన 'పి.పి.' అని వ్రాసుకొనెడివారు; ప్రక్కింటివారిని పిలిపించి మాటాడించుదురని అర్థము. మా నంబరు మిగిలిన మూడు వాటాలవారికిని పి.పి. నంబరు. 1999 వర్షాకాలమున ఒక రాత్రి మేము పది మెగాబైట్ల ఫైలు ఒకటి దించుటకు కూర్చుంటిమి. లెక్క ప్రకారము ముప్పదియైదు నిమిషముల పని. తీగలో గరగర. మూడు వంతులు దిగిన తరువాత లైను తెగినది, మరల మొదటినుండి. మరల తెగినది, మరల మొదటినుండి. ఎనిమిదిన్నరకు కూర్చున్నవారము పదకొండు దాటిన తరువాత లేచితిమి. ఫైలు వచ్చినది. గర్వముగా నిద్రించితిమి.

వెనుక వాటాలో ఒక మాస్టరు గారుండెడివారు. ఆయన తల్లి మోత్కూరు దగ్గర పల్లెలో ఉండెను. ఆ రాత్రి ఆమెకు ప్రాణము మీదికి వచ్చినది. ఆయన తమ్ముడు ఎస్టీడీ బూతులో తొమ్మిదింటి నుండి బూతు మూయువరకు మా నంబరు త్రిప్పుచునే ఉండెనట. త్రిప్పినప్పుడెల్ల 'ఎంగేజ్' చప్పుడు. తెల్లవారి మొదటి బస్సుకు మనిషి వచ్చి చెప్పెను. మాస్టరు గారు పోవునప్పటికి ఆమె లేదు. దినవారములు ముగించుకొని తిరిగివచ్చిన తరువాత ఆయన మాతో, "మీ ఫోను చెడిపోయిందేమో అనుకున్నారట బాబూ," అని మాత్రము అనిరి. మేము ఔనని గాని కాదని గాని అనలేదు. మా నాయనగారికి నిజము తెలియును. ఆయన ఆ నాటి నుండి రాత్రి పదకొండు లోపల మోడెమునకు ఫోను తీగ తగిలింపనీయలేదు.

ఇది వ్రాయుట డయల్ అప్‌ను నిందించుటకు కాదు. నిజము చెప్పవలెనన్న, ఆ కాలమున ప్రజల పక్షము వహించినది అదియే. ప్రత్యేక లైను కొరకు దరఖాస్తు, పరిశీలన, డిపాజిట్టు, మేడ మీద స్తంభము అన్నియు కావలెను. మోడెమునకు కావలసినది ఒక ఫోను. 1998 నవంబరులో ప్రభుత్వము ఈ సేవను ప్రయివేటువారికి తెరచినది. మన హైదరాబాదు సత్యం కంపెనీకి చెందిన సత్యం ఇన్ఫోవే ఆ దారిలో ముందుగా అడుగిడినది. పిమ్మట నారాయణగూడ చౌరస్తా నుండి చిక్కడపల్లి వరకు, అశోక్‌నగర్ సందులలో, మొన్నటి వరకు ఎస్టీడీ బూతులుగా ఉన్న గదులు ఇంటర్నెట్ కేంద్రములైనవి. ఒక ఫోను లైనును ఐదు కంప్యూటర్లకు పంచి, గంటకింత అని వసూలు చేసెడివారు. తలకు ఎనిమిది కిలోబిట్లు! అయినను ఎంసెట్ ఫలితముల నాడు అక్కడ తిరునాళ్ళ వలె జనము. చిక్కడపల్లి గ్రంథాలయములో పగలెల్ల చదివి, సాయంకాలము ఆ గదులలో కూర్చుండి విదేశీ విశ్వవిద్యాలయములకు ఉత్తరములు వ్రాసినవారెందరో. ఈనాడు డాలసులో, న్యూజెర్సీలో స్థిరపడినవారిలో కొందరి ప్రయాణము ఆ గదులలోని కూతతో మొదలైనది. అదే సమయమున సచివాలయమును జిల్లా కేంద్రములతో రెండు మెగాబిట్ల లైన్లు కలుపగా, ముఖ్యమంత్రి తెర మీద కలెక్టర్లతో మాటాడుచున్న చిత్రములు పత్రికలలో వచ్చెడివి. ఒకే తీగల నగరములో రెండు కాలములు నడచినవి.

ముగింపునకు వచ్చునప్పటికి ఈ కథలో ఒక మలుపు కలదు. 36 అనియు, 56 అనియు కప్పు వేసినది రాగి తీగ అని అందరును అనుకొంటిమి. కాదు. కప్పు వేసినది ఎక్స్‌ఛేంజి గుమ్మము. మాట కొరకు 3,400 కంపనముల దగ్గర గీచిన గీత ఎక్స్‌ఛేంజి యంత్రముల లోనిదే గాని, తీగలో లేదు. ఆ గీతకు పైన, సుమారు 25 వేల కంపనముల నుండి 11 లక్షల వరకు, ఆ తీగ మీదనే ఖాళీ స్థలము పడియున్నది. ఎక్స్‌ఛేంజిలో ప్రతి తీగ చివర ఒక యంత్రము పెట్టి, మాటను ఒక ప్రక్కకు, అంకెలను వేరొక ప్రక్కకు విడదీసినచో, రెండును ఒకదానికొకటి అడ్డురావు. దీనినే ఏడీఎస్ఎల్ అందురు. ఎక్స్‌ఛేంజికి కొద్ది మైళ్ళ లోపల ఇల్లు ఉండవలెను, అంతే. 2004 అక్టోబరులో ప్రభుత్వము 256 కిలోబిట్లు, అంతకు మించినదానినే బ్రాడ్‌బాండ్ అనవలెనని నిర్ణయించినది. 2005 జనవరిలో భారత్ సంచార్ నిగమ్ వారు 'డేటావన్' అను పేర దానిని ఇండ్లకు ఇచ్చుట మొదలిడిరి. నెలకు 500 రూపాయలు. ఐదారేండ్ల క్రిందట కంపెనీలు లక్షలు పోసి తీసికొన్న వేగమునకు, కాగితము మీద, నాలుగు రెట్లు. అదియును అందరితో పంచుకొన్నదే గనుక, కంపెనీలు తమ ప్రత్యేక లైన్లను విడువలేదు. ఈనాటికిని విడువలేదు, తీగ స్థానమున గాజు పోగు వచ్చినది.

ఆ సంవత్సరమే మా ఇంటికి కూడ అది వచ్చినది. పనివాడు వచ్చి, డి.పి. పెట్టె తెరచి, అదే పాత తీగను గిల్లి చూచి, "ఇది నడుస్తది సార్," అని, గోడకు అగ్గిపెట్టె అంత తెల్లని డబ్బా ఒకటి తగిలించెను. మాటను, అంకెలను వేరుచేయునది అదియే. మాస్టరు గారు అప్పటికే విద్యానగరమునకు ఇల్లు మారిరి. పనివాడు పోయిన తరువాత మేము ఒక పెద్ద ఫైలును దింపుటకు పెట్టి, తలుపు దగ్గరగా వేసి, వీధి చివరి బూతునకు పోయి మా నంబరు త్రిప్పితిమి. బెల్లు మ్రోగినది. రెండవ బెల్లుకు అమ్మ ఎత్తినది. ఫైలు ఆగినదా యని అడిగితిమి.

"ఏమోరా, ఆ పెట్టె మీద దీపాలు మాత్రం మిణుకు మిణుకుమంటనే ఉన్నయి," అన్నది.